పాత డీజిలు, కొత్త పెట్రోలు, మధ్యలో నేను

బరువును లాగడం వేరు, లాగినదాన్ని పట్టి ఆపడం వేరు. ఈ ఒక్క ముక్క మా మేనేజరు తలకెక్కించడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆఫీసులో చెప్పాను, యార్డులో బండి పక్కన నిలబెట్టి చెప్పాను, టీ తాగుతూ మెల్లగా చెప్పాను, చివరికి గొంతు పెంచి అరిచాను కూడా. గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే. గోడైతే కనీసం తల ఊపదు. ఈయన తలూపి, "నువ్వు చెప్పింది కరెక్టేనయ్యా" అని, తను అనుకున్నదే చేస్తాడు.

మస్కట్ పక్కన మబేలాలో మా యార్డు. జనరేటర్లు అద్దెకిచ్చే కంపెనీ మాది. కరెంటు లైను ఇంకా పడని సైట్లకు ముందు మా జనరేటరే పోతుంది. దాన్ని రెండు చక్రాల ట్రైలర్ మీద బిగించి ఉంచుతారు. ఆ ట్రైలర్‌ని పికప్ వెనక తగిలించుకుని సైటుకు చేర్చడం, అక్కడ పాడైనదాన్ని వెనక్కి లాక్కురావడం నా డ్యూటీ. మాది కడప జిల్లా. ఊళ్లో ట్రాక్టరు నడిపిన చేతులివి. ఇక్కడికొచ్చి కొండలకు అలవాటు పడ్డాను.

యార్డులో రెండు పికప్‌లు ఉండేవి. ఒకటి పాత డీజిలు. చూడ్డానికి పికప్పే గానీ దాని ఒళ్లు లారీది. వెనక అటు రెండు, ఇటు రెండు చక్రాలు. కింద బరువు మోసే కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి మందంగా పేర్చి ఉంటాయి. స్టార్ట్ చేస్తే పక్క రూముల్లో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్లు లేచి తిట్టేవారు. వేగం లేదు, ఏసీ అంతంత మాత్రం, సీటు చిరిగింది. కానీ బరువు తగిలించి గేరు వేశామా, ఎక్సలేటర్ మీద కాలు పూర్తిగా ఆనకముందే నింపాదిగా కదిలేది. ఇంజను గట్టిగా తిరగక్కర్లేదు, అరవక్కర్లేదు. డీజిల్ సంగతే అంత. దాని బలమంతా నిదానంలోనే ఉంటుంది. కొండ దిగేటప్పుడు ఒక స్విచ్ వేస్తే పొగ గొట్టం దారి బిగుసుకుని ఇంజనే బండిని వెనక్కి పట్టేది. బ్రేకు మీద కాలు పెట్టే పని సగం తప్పేది. ఇది కాక ట్రైలర్ చక్రాలకు కూడా సొంత బ్రేకులున్నాయి. వాటికి కరెంటు అందించే చిన్న పెట్టె డ్రైవరు మోకాలి దగ్గర బిగించి ఉండేది.

రెండోది కొత్త పెట్రోలు. తెల్లగా, నున్నగా, లోపల పెద్ద తెరతో, చల్లటి సీట్లతో పెళ్లికొడుకులా వచ్చింది. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అజైబాలో ఆఫీసు పనికి పోవాలన్నా, షాపుల నుంచి ఫిల్టర్లూ ఆయిలూ తేవాలన్నా దానంత సుఖమైన బండి లేదు. దానికి పెట్టిన పని తప్పు. కిందున్న స్ప్రింగులు కారుకు ఉండేలాంటివి. చక్రాలు నాలుగే. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. ట్రైలర్ బ్రేకుల పెట్టె లేదు. బిగించండి సార్ అని అడిగితే, "చూద్దాంలే, ముందు బండి అలవాటవనీ" అన్నాడు మేనేజరు.

ఆయనది గోదావరి జిల్లా. మంచివాడే, అందుకే ఇంకా కోపం. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుంటాం. పాత డీజిలుకు ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్, రెన్యువల్ చేయించే ప్రతిసారీ ఏదో ఒక రిపేరు తేలుతోందనీ, పొగ వస్తోందనీ, యార్డులో చోటు తింటోందనీ, దాన్ని అమ్మేద్దామని ఆయన పట్టుబట్టాడు. కొత్త బండి బ్రోషర్ తీసి నా ముందు పెట్టాడు.

"ఇదుగో చూడవయ్యా, ఎంత బరువు లాగుతుందో కంపెనీవాళ్లే రాశారు. మన జనరేటరు, ట్రైలరు కలిపినా అంత లేదుగా? ఇంకేంటి నీ బాధ?"

"అది డ్రైవరొక్కడే కూసోని, వెనక ఖాళీగా ఉంటే రాసిన లెక్క సార్. మన బండి ఎప్పుడన్నా ఖాళీగా పోయిందా? వెనక ఎక్కించే మూటలు ఆ కాయితంలో యాడన్నా రాసినారా?"

"సరే, ఎక్కించవద్దు."

"లాగుతాది సార్, నేను కాదన్లే. దిగేటప్పుడు ఎవురు ఆపుతారు? కింద మన్ను, పైన రాయి, ఆ మలుపుల్లో వెనక నుంచి జనరేటరు తోస్తా ఉంటే ఆ పిల్ల బ్రేకులు ఏమైతాయి?"

"నువ్వు చెప్పింది కరెక్టేనయ్యా," అని తలూపాడు.

చివరికి పంచాయితీ అర్బాబు దగ్గరికి పోయింది. అర్బాబంటే మా ఓనరు, ఒమానీ పెద్దాయన. ఆయనకు ఈ గొడవలన్నీ వినే ఓపిక లేదు. లోపలి కొండల్లో ఒక సైటుకు జనరేటర్ మార్చాల్సి ఉంది. కొత్త బండిని దాంతో పంపండి అన్నాడు. అది చేరితే పాతది అమ్మేద్దాం, చేరకపోతే పాతదాన్ని ఉంచుకుందాం, ఖలాస్. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! పాత డీజిలు ఉంటే నేను కొండకు పోయి నిబ్బరంగా తిరిగొస్తాను. అది పోయిందా, ఇక ప్రతి కొండకూ ఆ చిన్నదాంతోనే పోవాలి, ప్రతిసారీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని దిగాలి. ఇంత పెద్ద సంగతి ఒక్క ట్రిప్పు మీద తేల్చేశారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

కడుపు మండి అల్ హైల్‌లో మా బండ్లు చూసే మెకానిక్ దగ్గరికి పోయాను. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నా బాధంతా విని, టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"కైకూ లడాయి చేస్తున్నవ్ భాయ్? ఆయన ఎట్ల చెప్పిండో గట్లనే నడుపు. ఏసీ ఫుల్ పెట్టు. గేరు నువ్వు ముట్టుకోకు, దాని ఇష్టం వదిలెయ్. సగం కొండల ఇంజన్ ఉడుకుతది. పక్కకు ఆపి బానెట్ లేపు, నాకు ఫోన్ కొట్టు. నేను పాత డీజిల్ తీస్కొని వస్త. అర్బాబ్‌కు సమఝ్ అయిపోతది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇందులో మోసం ఏముంది? బండిని పాడు చెయ్యమనలేదు కదా. నా తెలివితేటలు వాడకుండా ఊరికే నడపమన్నాడు. మామూలు డ్రైవరు ఎలా నడుపుతాడో అలా. దాని నిజం అదే చెప్పుకుంటుంది. ఆ రోజు రూముకు పోయి హాయిగా అన్నం తిన్నాను.

బయల్దేరే పొద్దున యార్డుకు పోయేసరికి పికప్ వెనక సంత! మనవాళ్ల సంగతి తెలిసిందే. ఒక బండి లోపలి సైటుకు పోతోందంటే చాలు, ఆ వార్త మబేలా అంతా పాకుతుంది. కొండ మీద ఉన్నవాళ్లకు బియ్యం మూటలు, గ్యాస్ బండ, పరుపు, ఊరి నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పచ్చడి డబ్బాలు, ఒకరి బంధువుకు కుక్కరు. పాత డీజిలు ఇన్నేళ్లూ అదంతా కిక్కురుమనకుండా మోసి మాకు ఈ దురలవాటు చేసింది. అదే చేత్తో కొత్తదాని మీదా ఎక్కించేశారు. జనరేటర్ ట్రైలర్ తగిలించేసరికి పికప్ వెనక భాగం కుంగిపోయి, ముక్కు ఆకాశంలోకి లేచింది. తా దూర కంత లేదు, మెడకో డోలు.

"ఎవురప్పా ఇదంతా ఎక్కించింది? దించండి!" అని అరిచాను.

"అట్లంటే ఎట్లన్నా? వాళ్లు బియ్యం కోసం చూస్తుంటరు," అన్నాడొకతను.

బియ్యం దించుతానని ఎవరు అనగలరు? మేనేజరు కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎక్కించవద్దని నాతో అన్న మనిషి, "పోనీలేవయ్యా, పాపం" అన్నాడు. నేను పళ్లు కొరుక్కుంటూ పరుపూ గ్యాస్ బండా దింపించాను, బియ్యం మూటలు నా వెనక సీట్లోకి మార్చాను. ఎంతైనా నేను పోవాల్సిన బండి కదా. ముందు చక్రాలు నేలకు ఆనకపోతే సగం కొండ దాకా కూడా పోను.

నిజ్వా దారిలో హైవే మీద బండి బ్రహ్మాండంగా పోయింది. చల్లటి సీటు, మెత్తటి స్టీరింగు. మేనేజరు ఫోన్ చేసి, "ఎలా ఉందయ్యా?" అన్నాడు. "రాజా మాదిరి పోతాంది సార్," అన్నాను. నవ్వుకున్నాడు. నేనూ నవ్వుకున్నాను. ఎవరి నవ్వు వాళ్లది.

హైవే దిగి కొండ దారి పట్టాక ఆట మొదలైంది. మొదటి ఎత్తుకే ఇంజను కేకలు పెట్టింది. గేర్లు అటూ ఇటూ మారుతున్నాయి, ఏది కావాలో దానికే తెలియడం లేదు. ఏసీ ఫుల్లుగా పెట్టి, చెయ్యి కిటికీకి ఆనించుకుని, నేను ఏమీ పట్టనట్టు కూర్చున్నాను. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. లే తల్లీ, లే అనుకున్నాను. తిట్టుకుంటూ నడపడమే తెలుసు గానీ, బండి ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తూ నడపడం నాకు అదే మొదలు. ముందున్న మలుపులో బండి ఆపడానికి చోటు కూడా చూసుకున్నాను. బానెట్ లేపి, నీడలో కూర్చుని మెకానిక్‌కి ఫోన్ చెయ్యాలి. అంతే.

అప్పుడే ఫోన్ మోగింది. మెకానికేమో అనుకున్నాను. సైట్ ఫోర్‌మన్. కరీంనగర్ మనిషి.

"అన్నా, యాడిదాక వచ్చినవే?"

"కొండెక్కతాండా. ఏమైంది?"

"నిన్నటి సంది మోటరు బందున్నదన్నా. బోరు నీళ్లు వస్తలెవ్వు. ట్యాంకర్‌కు ఫోన్ చేస్తే రేపంటుండు. తాగనీకి తెచ్చుకున్న సీసలు అయిపోయినయి. మనోళ్లు ఇద్దరికి వడదెబ్బ కొట్టింది, ఒకాయన లేస్తలేడు. జెల్ది రా అన్నా, నీ కాల్మొక్త."

పాత జనరేటర్ పాడైందని తెలుసు, దాని మీదే బోరు మోటరు నడుస్తోందని నాకెవరూ చెప్పలేదు. "వస్తాండా, ఆ మనిషిని నీడన పండుకోబెట్టి తడిగుడ్డ కప్పండి," అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి స్టీరింగ్ మీద ఒక్క గుద్దు గుద్దాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు. మేనేజర్నా, అర్బాబునా, ఆ ట్యాంకరువాడినా? అందరినీ కలిపి ఒకేసారి తిట్టాను. మలుపులో నేను చూసుకున్న చోటు వచ్చింది. దాన్ని దాటిపోయాను.

ఇక అక్కణ్నుంచి బండిని నేను కాదు, నా మొండితనం నడిపింది. ఏసీ కట్టేశాను. కట్టెయ్యడమే కాదు, హీటర్ పెట్టాను. ఇంజను వేడిని కొంత కేబిన్‌లోకి లాగేస్తే ముల్లు కాస్త దిగుతుంది. ఒమాన్ ఎండాకాలంలో, పట్టపగలు, హీటర్! కిటికీలన్నీ తెరిచినా మొహం మీద పొయ్యి మంట కొట్టినట్టే ఉంది. చెమట కళ్లలోకి కారుతోంది. గేరు నా చేతిలోకి తీసుకుని కిందికి దించి అక్కడే పట్టి ఉంచాను. మలుపు రాకముందే కొంచెం ఊపందుకుని, మలుపులో వదిలి, మళ్లీ మెల్లగా అందుకోవడం. ముల్లు గీత దగ్గరకు పోగానే చదునుగా ఉన్న చోట ఆపడం, ఇంజను ఆర్పకుండా చల్లారనివ్వడం, మళ్లీ కదలడం. మన్ను దారిలో వెనక చక్రాలు జారితే ఫోర్ వీల్ వేసి అంగుళం అంగుళం లాగించాను. "ఎక్కు తల్లీ, ఈ ఒక్కసారికి ఎక్కు," అని ఆ పెళ్లికొడుకు బండినే తల్లీ తల్లీ అని బతిమాలుకున్నాను. వేంపల్లె గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను కూడా.

ఎక్కింది.

సైట్లో వాళ్లు దారికి ఎదురొచ్చారు. తలో చెయ్యి వేసి ట్రైలర్ విప్పి, వైర్లు కలిపి జనరేటర్ స్టార్ట్ చేశారు. మోటరు పట్టింది. పైపులో ముందు గాలి, తర్వాత బురద, తర్వాత నీళ్లు. వడదెబ్బకు లేవలేకపోయినాయన్ని మంచం మీదే మోసుకొచ్చి పైపు కింద పెట్టారు. కాసేపటికి కళ్లు తెరిచి, "బియ్యం వచ్చినయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరుగు ప్రయాణం గురించి తక్కువ చెప్పుకుంటేనే మంచిది. పాడైన జనరేటర్ని తగిలించుకుని దిగాలి. అది పాడైందని బరువు తగ్గదు కదా. దిగువకు ఒరిగిన మరుక్షణం నుంచి అది నన్ను వెనక నుంచి తోస్తూనే ఉంది. ట్రైలర్ చక్రాలకు బ్రేకులున్నాయి, వాటికి కరెంటు పంపే పెట్టె నా దగ్గర లేదు. నేను చిన్న గేరులో పట్టి ఉంచినా పెట్రోలు ఇంజను ఆ బరువుని డీజిల్లా పట్టలేకపోయింది. ఒక మలుపులో ట్రైలర్ పక్కకు ఒరిగి బండి తోకను లోయ వైపు నెట్టింది. ఓరి నాయనో అని అరిచాను, విన్నవాళ్లెవరూ లేరు. బ్రేకులు కాలిన కంపు కొడుతుంటే ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, రోడ్డు పక్కన కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తెలియక జేబులో పెట్టేసుకున్నాను. చల్లారాక మళ్లీ కొంత దూరం, మళ్లీ రాళ్లు. పాత డీజిలైతే ఇదే దారిని నేను పాటలు వింటూ దిగేవాణ్ని.

మబేలాకు చేరేసరికి మేనేజరు యార్డు గేటు దగ్గరే ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఫోర్‌మన్ ఫోన్ చేశాడయ్యా. దేవుడిలా వచ్చావన్నాడు!" అని భుజం తట్టాడు. బ్రేకుల సంగతి చెప్పాను. లోయ సంగతి చెప్పాను. చక్రం దగ్గరికి తీసుకెళ్లి వాసన చూడమన్నాను. వంగి చూశాడు కూడా. "ప్యాడ్లు మార్పిద్దాంలే," అన్నాడు.

మెకానిక్ ఫోన్‌లో చెడామడా తిట్టాడు. "పాగలైనవా భాయ్? ఆపమన్న కదా!" నీళ్ల సంగతి చెప్పాను. "మరి ఇంకేం చేస్తవులే," అన్నాడు.

పాత డీజిలు కొనడానికి బర్కా నుంచి మనిషి వచ్చాడు. స్టార్ట్ చేసి చూసుకున్నాడు. ఆ మోత విని ఎప్పటిలాగే రూముల్లోంచి ఎవరో తిట్టారు. అర్బాబు నా దగ్గరికి వచ్చి, "జైన్, వల్లా జైన్," అని అరబ్బీలో మెచ్చుకుని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. బండి గేటు దాటి పోతుంటే నాకిక ఆగలేదు. మేనేజర్ని పక్కకు లాగాను.

"సార్, కొండెక్కింది ఆ కొత్త బండి కాదు సార్. నేను ఎక్కించినా. హీటర్ పెట్టుకోని, గేరు చేత్తో పట్టుకోని, ఆపుకుంటా ఆపుకుంటా, కిందకొచ్చేటప్పుడు చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు వచ్చినా. ఇంకెవురన్నా అయితే ఆ బండి మొదటి మలుపులోనే ఆగిపోయుండు. అది మీకు తెలీదా సార్?"

ఆయనకు కోపం రాలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాడు:

"తెలియకేమయ్యా? అర్బాబుకి నేను చెప్పిందీ అదేగా. పెద్ద బండి మనకెందుకు సార్, ఎంత చిన్న బండినైనా కొండెక్కించే డ్రైవరున్నాడు కదా అన్నాను. ఆ ఒక్క మాటకే అమ్మడానికి ఒప్పుకున్నాడు."

ఆయన జేబులోంచి కొత్త బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆదివారం పొద్దున్నే ఇంకో జనరేటరుందయ్యా. అదే కొండ. జనరేటరే కొంచెం పెద్దది."